ఇంగన్నారే

ఏప్రిల్ 18, శుక్రవారం

నబీ రసూలూ, నడుము నొప్పి ఎట్లుంది కొడకా? పొద్దున మంచం దిగేటప్పుడు గోడకు చెయ్యి ఆనించి లేచావు, చూశాను. కోడలా రిజ్వానా, తలనొప్పి తగ్గిందా? కళ్ళద్దాలు మార్చుకోమంటే వినవు. ఇష్రతూ, నీ గొంతు ఎట్లుంది, నిన్న దగ్గుతూనే ఉన్నావు. ప్రొద్దుటూరులో ఉన్న నా బిడ్డ తమన్నా, మోకాలి వాపు దిగిందా, ఆ నూనె రాస్తున్నావా, పక్కన పెట్టేశావా? ఇక నేను. జైనాబీ, బీపీ మాత్ర వేసుకున్నావా? వేసుకున్నాననే అనుకుంటున్నాను.

ఇవన్నీ నోటితో అడగకుండా రాసుకోమని నా మనవరాలు ఇష్రత్ ఈ పుస్తకం కొని తెచ్చింది. "జేజీ, దినామూ ఇన్ని తూర్లు అడిగితే బాగుండేటోళ్ళకు గూడా జొరమొస్తాది. దీంట్లో రాసుకో. రాస్తే అడిగినట్లే" అంది. ఐదో తరగతి చదువు నాది. ఒత్తులు ఎక్కడ పడాలో అక్కడ పడవు. చూసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నాను.

నేనేమీ భయపడే మనిషిని కాదు. అడుగుతాను, అంతే.

ఏప్రిల్ 19

ఈ అరబ్బు ఊళ్ళో మనవాళ్ళు ఎక్కువగా తిరిగే షరఫియా బజారుకు బట్టలు కుట్టించడానికి బయల్దేరి, లిఫ్టు దిగి, మళ్ళీ పైకొచ్చి గ్యాసు చూశాను. కట్టే ఉంది. నా కొడుకు కారు దగ్గర నిలబడి ఉన్నాడు.

ఏప్రిల్ 23

ఇష్రత్ పన్నెండో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. ఇటలీలో చదువుతుందట. పాత కట్టడాలను పడగొట్టకుండా బాగు చేసే చదువు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకోవాలని లోకమంతా చూస్తుంటే ఈ పిల్లకు ఇదేం కోరికో. ఇక్కడి పాత పేట బలద్‌లో ఆ మేడలూ, చెక్క కిటికీలూ చూసి చూసి పట్టింది. ఫీజు వాళ్ళే భరిస్తారట. కానీ పాఠాలన్నీ వాళ్ళ మాటల్లోనే. అందుకని ఫోనులో ఒక టీచరమ్మ నేర్పుతోంది. వచ్చే నెల ఇద్దరు పెద్దవాళ్ళు కంప్యూటరులో ఎదురుగా కూర్చుని ఈ పిల్లతో ముందే ఇచ్చిన ఒక కథ చెప్పించుకుంటారు. ఆ కథలో ఊరందరినీ మోసం చేసే వ్యాపారి ఒకడున్నాడు. చేసిన మోసాన్ని ప్రతిసారీ ఒకే మాటతో చెబితే మార్కులు పోతాయట, మాట మార్చి మార్చి చెప్పాలట. అవే ఈ పిల్ల నోటికి ఎక్కడం లేదు.

"జేజీ, మోసం చేసేదానికి మన తెలుగులో ఏమేం మాటలుండాయి?"

"ఏంటికి మే? ఎవురిని చేయల్ల?"

"ఎవురినీ కాదులే. చెప్పు."

చెప్పాను. టోపీ పెట్టడం. నామం పెట్టడం. చెవిలో పువ్వు పెట్టడం. గుండు కొట్టడం. బురిడీ కొట్టించడం. బుట్టలో వేసుకోవడం.

పిల్ల నవ్వింది. "టోపీ, నామం, పువ్వు, గుండు. మనోళ్ళు తలకాయ దాటి కిందికి రారా జేజీ?"

"మోసపోయేది అదే గదా."

ఇటలీ వాళ్ళవి తలకాయ మీద జరగవట. ఒక మాటకు రుద్దడం అని అర్థమట. అది మనకూ ఉంది, పనికిరాని సరుకును మనకు రుద్ది పోతారు. ఇంకొక మాట నూలు చుట్టడం. అది నాకు తెలుసు. మేము దూదేకులోళ్ళం, మా నాయన పరుపులు కుట్టేవాడు, దారం చుట్టిచ్చేది నేనే. మెల్లగా చుడుతుంటే దారానికి తాను చుట్టుకుంటున్నట్టే తెలియదు. మరొకటి సోంపు. పులిసిపోయిన సరుకు అమ్మేవాడు ముందు సోంపు నమిలిస్తే నాలుక మొద్దుబారి కొనేవాడికి రుచి తెలియదట. ఆ మాట ఇంఫినొక్కియారే.

"నొక్కేయడమని దాంట్లోనే ఉండాదే, మళ్ళీ సోంపు ఏంటికి?" అన్నాను. పిల్ల నా తొడ మీద తల పెట్టి నవ్వింది.

ఆ మాటలన్నీ ఆరే, ఆరే అని ముగుస్తాయి. ఎవరో ఏదో చేశారే అని పక్కింటి ఆవిడ చాడీలు చెప్పినట్టు ఉంటుంది. తుర్లుపినారే అని ఒకటి, తుర్రుమన్నారే అని గుర్తు పెట్టుకోమన్నాను. రజ్జిరారే అని ఒకటి, తిప్పి తిప్పి బుట్టలో వేయడమట, రాజీ రారే అని చెప్పాను. అన్నిటికంటే ముందు వచ్చేది, మామూలుగా అందరూ వాడేది ఇంగన్నారే.

"ఇంగ అన్నారేనా? ఇంగ ఏమన్నారంట?" అన్నాను.

"ఏమీ అన్లేదు జేజీ. మోసం చేయడమని."

"అదే చెప్తాండా. మోసం చేసేటోడు తన నోటితో ఏదీ అనడు. వాళ్ళన్నారే, వీళ్ళన్నారే అంటాడు. తాను నడి మధ్యన మంచోడు."

ఇష్రత్ లేచి కూర్చుని ఆ మాట పలికింది. ఇంగన్నారే. ఇక మరిచిపోను అంది. మధ్యాహ్నం నుంచి ఏడిపిస్తున్న మాటలన్నీ సాయంత్రం నమాజు వేళకు వరసగా చెప్పేసింది. నాకు చాలా సంతోషమైంది. అంతలోనే అంత దూరం ఎట్లా పంపుతారో అనిపించింది. రాశాను కాబట్టి అడిగినట్టే.

ఏప్రిల్ 27

కూరలో సోంపు వాసన వచ్చింది. "రిజ్వానా, ఇది నిన్నటిదా?" అని అడిగాను. నా కోడలు, "ఆ పిల్ల మీకు ఆ మాట ఏంటికి నేర్పిందో అత్తా" అంది. నిన్నటిదే.

మే 2, శుక్రవారం

జుమా నమాజు నుంచి వచ్చి నబీ రసూల్ హాల్లో తమన్నా మొగుడితో ఫోను మాట్లాడుతున్నాడు. నేను వంటింట్లో నిమ్మకాయలు కోస్తున్నాను.

"పిల్లను పంపేదానికి నాకేం బావా. నేను ఈపొద్దే పంపుతా. మాయమ్మే వద్దంటాంది. ఆయమ్మ సంగతి నీకు తెలుసు గదా, తట్టుకోలేదు."

నిమ్మకాయ చేతిలోనే ఉండిపోయింది.

మే 3

నేను అన్నానేమో. వయసు మీద పడింది. అనే ఉంటాను.

మే 4

అనలేదు.

మే 5

అనలేదు. నన్ను ఎవరూ అడగనే లేదు.

మే 6

బియ్యం ఏరుతూ రిజ్వానాను అడిగాను. "నువ్వు అప్పుడెప్పుడో ఇండియన్ స్కూల్లో టీచరుగా పోతానంటివి గదా, ఉద్యోగం వచ్చిందని మిఠాయి గూడా తెచ్చినావు. ఎందుకు పోలేదు?"

కోడలు చేట పక్కన పెట్టింది. "అదేంది అత్తా. మీరే గదా వద్దన్నది."

"ఎవురు చెప్పినారు?"

"ఆయనే. అమ్మ ఇంట్లో ఒంటరిగా ఉంటే గాబరా పడతాది, అన్నం గూడా తినదు, నువ్వు పోవద్దంటాంది అన్నాడు."

"నాతో ఏం చెప్పినాడో తెలుసునా? రిజ్వానాకే ఇష్టం లేదంట, ఎండలో తిరగలేనంటాంది అన్నాడు."

ఆమె నా వైపు చూసింది. ఇన్నేళ్ళూ నా మీద ఎంత కోపం పెట్టుకుని నా మందులు, నా జావ, నా నీళ్ళు అందించిందో ఆ చూపులో కనిపించింది. "నేను మిమ్మల్ని ఎన్ని మాటలనుకున్నానో అత్తా" అంది. "అనుకో తల్లీ, పెద్దగా అనింటే అప్పుడే తేలిపోయేది" అన్నాను.

తర్వాత కూర్చుని గుర్తు చేసుకున్నాను. అబహా కొండలు చూసి రావాలని పిల్ల అడిగితే జేజికి ఘాట్ రోడ్డు భయం అన్నాడు. రియాద్‌లో పెద్ద కంపెనీ వాళ్ళు తనను పిలిస్తే అమ్మకు ఆ ఊరు పడదు అన్నాడు. ఆ ఊరు నేను చూడనే లేదు. నా భయం ఈ ఇంట్లో గొడుగులా తలుపు పక్కన ఉంది. ఎవరికి అవసరమైతే వాళ్ళు తీసుకుపోయారు. ఎవరికని ఏముంది, ఒక్కడికే.

వాడు చెడ్డవాడు కాదు. నా కొడుకు. మంచివాడు. ఆసుపత్రిలో ఏసీలన్నీ వాడి చేతి మీదే నడుస్తాయి. ఎవరికీ ఎదురు చెప్పడు.

ఎదురు చెప్పాల్సి వస్తే నన్ను పంపుతాడు.

మే 8

వాణ్ణి నిలబెట్టి తిడదామనుకున్నాను. తిడితే ఏమంటాడో తెలుసు. చూసినారా, అమ్మ అప్పుడే గాబరా పడతాంది అంటాడు. అది కూడా వాడికే పనికొస్తుంది.

వేరే దారి చూడాలి.

మే 10

ఆసుపత్రి నుంచి నబీ రసూల్ ఇంకా రాలేదు. అన్నం చల్లారింది. వేరే రోజయితే ఈపాటికి ఫోను మీద ఫోను కొట్టేదాన్ని. ఈ రోజు ఫోనును దిండు కింద పెట్టి దాని మీద కూర్చున్నాను. దారిలో ఏ ట్రైలరు గుద్దిందో, లిఫ్టులో ఇరుక్కున్నాడో, నడుము పట్టేసి మెట్ల మీద పడ్డాడో, అన్నీ కళ్ళముందు జరిగిపోయాయి. కొంగు నోట్లో పెట్టుకున్నాను.

వచ్చాడు. "ఏమ్మా, ఫోను చేయలేదే?"

"ఏంటికి?"

"లేటయింది గదా."

"అట్లనా? నేను చూసుకోలేదు" అన్నాను.

చెప్పులు విప్పుతూ విప్పుతూ ఆగి నా వైపు చూశాడు.

మే 13

సముద్రం ఒడ్డున కార్నీష్‌కు పోదామని అందరం కిందికి దిగాం. నేను గ్యాసు మాట ఎత్తలేదు. కారెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. నబీ రసూల్ తాళం పెట్టాడు, తీశాడు. "ఒక్క నిమిషం" అని పైకి పోయి గ్యాసు చూసి వచ్చాడు.

నేను సముద్రం బాగుంది అన్నాను. ఇంకా సముద్రం దగ్గరికి పోనే లేదు.

మే 16, శుక్రవారం

నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. మన హైదరాబాదు డాక్టరమ్మే.

"ఏమైంది?"

"అమ్మ వారం నుంచి ఏమీ అడగడం లేదు మేడం" అన్నాడు నా కొడుకు.

"ఏం అడగడం లేదు?"

"ఏదీ. తిన్నావా అని లేదు, ఎక్కడున్నావని లేదు. జ్ఞాపకం ఏమన్నా పోతోందేమోనని."

డాక్టరమ్మ బీపీ చూసింది, ఎక్కువే ఉంది. ఎందుకు ఉండదు. నా పేరు, ఊరి పేరు, పిల్లల పేర్లు అడిగింది, అన్నీ చెప్పాను. కావాలంటే ఇటలీ మాటలు కూడా చెబుతానన్నాను. "ఆమె బాగానే ఉన్నారు. మీరు కొంచెం నిద్ర పోండి" అని వాడికి చెప్పింది.

మే 20

ఇష్రత్‌తో ఆ ఇద్దరు పెద్దవాళ్ళు మాట్లాడారు. నేను తలుపు అవతల తస్బీ పూసలు పట్టుకుని నిలబడ్డాను. మోసగాడి కథ మొదలుపెట్టి ఒక్కచోట కూడా ఆగలేదు నా బంగారు. నాకు అర్థమైనవి అక్కడక్కడా ఇంగన్నారే, ఇంఫినొక్కియారే, అంతే. ఒకాయన నవ్వడం వినిపించింది. వ్యాపారిని చూసి నవ్వాడా, పిల్లను చూసి నవ్వాడా అని భయపడ్డాను.

పిల్లను మెచ్చుకునే నవ్వాడు. సీటు ఇచ్చారు. ఊరి పేరు పదోవా. ఒకటో తేదీ లోపల వస్తామో రామో జవాబు రాయాలి.

నబీ రసూల్ కూతురి తల మీద చెయ్యి పెట్టాడు, ఖర్జూరం పెట్టె తెచ్చాడు. జవాబు మాట మాత్రం ఎత్తలేదు.

మే 23, శుక్రవారం

వరసగా రాస్తాను. ఒక్క మాట కూడా పోకూడదు.

అన్నాలు తింటున్నాం. ఇష్రత్ అడిగింది. "నాయనా, ఒకటో తేదీ దగ్గర పడతాంది. ఏమని రాయమంటావు?"

"నాకేం మే, నాకిష్టమే" అన్నాడు నబీ రసూల్ ముద్ద కలుపుతూ. "జేజిని అడుగు. ఆయమ్మ సరేనంటే సరే."

బీరువాకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నవాడిలా అన్నాడు. ఇష్రత్ నా వైపు తిరిగింది. ఆ కళ్ళలో ఆశ లేదు. జవాబు ముందే విన్నట్టు చూసింది. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో అందరూ నన్ను ఇట్లాగే చూశారా అనిపించింది.

"పో" అన్నాను.

నబీ రసూల్ నవ్వాడు. "మా, యాడికో తెలుసునా? ఇటలీకి."

"తెలుసు. పిల్లకు సీటొచ్చింది గానీ నాకు చెవుడు రాలేదు."

"చలి మా. మంచు పడతాది ఆడ."

"స్వెట్టర్లు అమ్ముతారంట."

"ఒక్కతే ఉండల్ల."

"హాస్టలు నిండా ఆడపిల్లలుంటే ఒక్కతే ఎట్లయితాది?"

"హలాల్ దొరకదు."

"పప్పూ గుడ్డూ వండుకోమను. మీ నాయన పోయినాక నేను అదే వండి నిన్ను ఇంత చేసినా."

రిజ్వానా నీళ్ళ జగ్గు పట్టుకుని నిలబడిపోయింది. పోయడం లేదు, దించడం లేదు.

నా కొడుకు గొంతు మారింది. "జొరమొస్తే ఎవురు చూస్తారు? బస్సు దిగి నడుచుకుంటా వస్తాంటే ఎవుడన్నా వెంట పడితే? మనం ఫోను చేస్తే ఎత్తకపోతే? ఒక పూటంతా ఎత్తకపోతే? అప్పుడు ఏం చేస్తావు? నీ సంగతి నాకు తెలీదా, నువ్వు తట్టుకుంటావా మా?"

అవన్నీ నాకు ముందే తెలుసు. వాడు చెప్పనివి కూడా తెలుసు. బల్ల కింద నా కాళ్ళు వణుకుతున్నాయి. ఒక చేతిని ఇంకొక చేత్తో పట్టుకున్నాను. ముఖం ఒక్కటే పైన ఉంది, దాన్ని గట్టిగా పట్టుకోవడానికి నాకు మూడో చెయ్యి లేదు. అయినా పట్టుకున్నాను.

"తట్టుకుంటా."

"నీకు భయం లేదా?"

"లేదు."

ఇంత పెద్ద అబద్ధం నేను పుట్టి ఎరగను. అల్లా మన్నించాలి. ఎంత బాగా చెప్పానో.

నబీ రసూల్ పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడు. ముద్ద ఎండిపోయింది. చిన్నప్పుడు బడికి పోనని మూలన కూర్చున్నప్పుడు ఇట్లాగే ఉండేవాడు.

"నాకుండాది మా" అన్నాడు.

"ఏముండాది?"

"భయం."

"అది నాతో కాదు, బిడ్డతో చెప్పు. నీ మాట నువ్వు చెప్పు. నా పేరు తీయొద్దు."

వాడు కూతురి వైపు తిరిగాడు. "నాకు భయం మే. నువ్వు పోతే నాకు నిద్ర రాదు. జేజి ఎప్పుడూ వద్దన్లేదు. నేనే."

ఇష్రత్ కుర్చీ జరుపుకుని తండ్రి పక్కకు పోయింది. "నాకూ భయమే నాయనా. అయినా పోతా."

"పో" అన్నాడు.

అప్పుడు రిజ్వానా జగ్గు బల్ల మీద పెట్టింది. "ఎట్లాగూ నిజాలు చెప్పుకుంటాండాము గదా. నా స్కూలు మాట గూడా ఈ కూరలోనే తేల్చేస్తే మళ్ళీ వండే పని ఉండదు" అంది.

అందరికంటే ముందు నబీ రసూలే నవ్వాడు. చెవులు ఎర్రగా అయ్యాయి. "చేరు. రేపే పోయి అడుగు" అన్నాడు. కోడలు నాకు నీళ్ళు పోస్తూ నా భుజం నొక్కింది. ఇన్నేళ్ళలో మొదటిసారి.

గెలిచాను. ఎవరూ చూడరు కాబట్టి రాసుకుంటున్నాను. గెలిచాను.

మే 24

చాలా భయంగా ఉంది. ఎవరికీ చెప్పను.

మే 25

ఇష్రత్ వస్తానని జవాబు పంపింది. పంపి నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"జేజీ, మొన్న బల్ల కింద నీ కాళ్ళు వచ్చి నా మోకాలికి కొట్టుకుంటాండె."

"ముసలి కాళ్ళు. అట్లనే ఆడతాయి."

"నాయనను ఏం చేసినావు నువ్వు? మన మాటల్లో దేని కింద రాసుకోవల్ల దాన్ని?"

"మీ టీచరమ్మకు తెలీదులే ఆ మాట" అన్నాను.

పిల్ల నా చేతులు రెండూ తీసుకుని ముఖానికి పెట్టుకుంది.

ఆగస్టు 31

రిజ్వానా స్కూల్లో చేరింది. మూడో తరగతి పిల్లలకు లెక్కలు. కొత్త కళ్ళద్దాలు కొనుక్కుంది. పొద్దున ఇంట్లో నేనొక్కదాన్నే. రేడియో పెట్టుకున్నాను, ఎవరైనా ఉన్నట్టు ఉంటుంది. అన్నం తిన్నాను.

సెప్టెంబరు 14, ఆదివారం

ఇష్రత్ వెళ్ళింది. ఎయిర్‌పోర్టులో నా కొడుకు ఏడ్చాడు, దాచుకోలేదు. పాస్‌పోర్టు ఎక్కడుంది, చార్జరు పెట్టుకున్నావా, జలుబు మాత్రలు ఏ జేబులో ఉన్నాయి, దిగగానే ఫోను చేస్తావా, అన్నీ వాడే అడిగాడు. నాకు అడగడానికి ఏమీ మిగల్చలేదు. నేను పిల్ల నుదుటి మీద ముద్దు పెట్టి, "బాగా చదువుకో" అన్నాను. అద్దాల తలుపు మూసుకునే దాకా నిటారుగా నిలబడ్డాను. కారులోకి వచ్చాక నిలబడాల్సిన పని లేదు.

సెప్టెంబరు 15

చేరింది. ఫోనులో గది చూపించింది. గోడకు పెచ్చులు ఊడి ఉన్నాయి. "ఇది ఎన్ని వందల ఏండ్ల గోడో తెలుసునా నాయనా" అని పిల్ల మురిసిపోతుంటే వీడు, "పైకప్పు గట్టిదేనా అడిగినావా?" అంటాడు.

అక్టోబరు 3, శుక్రవారం

అన్నం తిన్నాక నబీ రసూల్ ఫోనులో ఏదో చూస్తూ నా పక్కన కూర్చున్నాడు. జనవరిలో వాడికి సెలవు ఉంది. ప్రొద్దుటూరుకు పోవాల్సిన సెలవు. తమన్నాకు ముందే చెప్పాడట. ఏమని చెప్పావన్నాను.

"ఏమనేదేముంది. నా కూతురిని చూడకుండా ఉండలేకున్నా, ఈ తూరి ఇటలీకి పోతానని చెప్పినా."

"ప్రొద్దుటూరుకు నేను వద్దన్నానని చెప్పలేదు గదా?"

"లేదు మా" అన్నాడు. నవ్వాడు. "రిజ్వానాకు అప్పుడు స్కూలు సెలవు దొరకదంట, తాను ఎండాకాలం పోతానంటాంది. నువ్వు వస్తావా? మధ్యలో విమానం మారల్ల. చలి గూడా. భయమైతే వద్దులే."

"ఎవురికి?"

వాడు ఫోను పక్కన పెట్టాడు. "నాకే. తోడు రా."

కొడుకు నన్ను అడిగాడు. నా పేరు చెప్పి ఇంకొకరికి జవాబు ఇవ్వడం కాదు, నన్నే అడిగాడు. వస్తానన్నాను.

జనవరి 9, శుక్రవారం, పొద్దున విమానం. ఇద్దరికీ టికెట్లు తీశాడు.